పవర్ బటన్ గీత నుంచి ఫ్లాపీ బొమ్మ దాకా: మన పరికరాల మీది గుర్తులు ఎక్కడివి?

మీరు అడిగినవి మూడు సందేహాలు. పవర్ బటన్ మీద కనిపించే గీత, వలయం నిజంగా ఒకటి, సున్నా అంకెలేనా? బ్లూటూత్ గుర్తు వెనక ఒక రాజు ఉన్నాడన్న కథలో నిజమెంత? ఫ్లాపీ డిస్కును కంటితో చూడని తరం వచ్చాక కూడా ఫైలును సేవ్ చేయడానికి ఆ బొమ్మనే ఎందుకు ఉంచుతున్నారు? ఎలక్ట్రానిక్ పరికరాలకు వాడుక పుస్తకాలు, మరమ్మతు పుస్తకాలు రాయడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. అలాంటి ప్రతి పుస్తకం తొలి పేజీల్లో ఆ పరికరం మీది గుర్తుల పట్టిక ఒకటి తప్పనిసరిగా ఉంటుంది కాబట్టి, ఒక్కొక్క గుర్తుకు ఏం అర్థం రాయాలి, ఏం రాయకూడదు అన్న చర్చ నాకు రోజువారీ పనిగా ఉండేది. ఆ అనుభవంతో, నాకు గట్టిగా తెలిసినంత మేరకు చెబుతాను.

ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. ఈ గుర్తులన్నీ ఒకే దారిన రాలేదు. కొన్నింటిని ప్రమాణాల సంఘాలు కూర్చుని నిర్ణయించి, ఒక్కొక్కదానికి ఒక సంఖ్య ఇచ్చి పుస్తకంలోకి ఎక్కించాయి. కొన్ని వందల ఏళ్ల కిందటి వర్తకుల చేతిరాతలో పుట్టి, టైప్‌రైటర్ మీదుగా కీబోర్డులోకి వచ్చి చేరాయి. మరికొన్ని ఎవరో ఒక చిత్రకారిణి ఒకే ఒక్క యంత్రం కోసం గీసినవి. అందుకే, ఒక గుర్తు గురించి కథ వినగానే అది ఏ దారిన వచ్చిందో చూసుకోవాలి. మొదటి రకానికి ప్రమాణ పత్రంలోని నిర్వచనమే సాక్ష్యం, రెండో రకానికి పాత లేఖలు, మూడో రకానికి గీసినవారి సొంత మాట.

పవర్ గుర్తులు మొదటి రకం. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ అనే సంస్థ పరికరాల మీద ముద్రించవలసిన గుర్తులను ఒకచోట చేర్చి 1973లో ప్రచురించింది. ఇప్పుడు ఆ సంకలనాన్ని ఐఈసీ 60417 అంటారు. అందులో 5007 సంఖ్య గల నిలువు గీతకు అర్థం 'ఆన్', అంటే పరికరం మెయిన్స్ విద్యుత్తుతో, అంటే గోడ సాకెట్ నుంచి వచ్చే కరెంటుతో కలిసింది అని. 5008 సంఖ్య గల వలయానికి అర్థం 'ఆఫ్', అంటే మెయిన్స్ నుంచి విడిపోయింది అని. గీత ఒకటి అంకె, వలయం సున్నా అంకె అన్నదే విస్తృతంగా అంగీకరించిన వివరణ. నేను కూడా దాన్నే చెబుతాను.

అయితే చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు. తెలుగులో సర్క్యూట్‌ను విద్యుత్ వలయం అంటాం కదా, అందువల్ల వలయం గీసి ఉంటే సర్క్యూట్ పూర్తయిందనీ, ఒంటరి గీత ఉంటే ఎక్కడో తెగిందనీ అనుకోవడం సహజమే. ఈ తికమకను తేలిగ్గా తీసిపారేయకూడదు. స్విచ్చులు, రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చులతో) కట్టిన సర్క్యూట్లను సున్నా, ఒకటి అనే రెండే విలువలతో నడిచే బూలియన్ బీజగణితంతో లెక్కించవచ్చునని నిరూపించిన క్లాడ్ షానన్ కూడా, 1938లో అచ్చయిన తన పత్రంలో మూసి ఉన్న సర్క్యూట్‌కు సున్నా, తెరిచి ఉన్నదానికి ఒకటి అనే రాశాడు. ఆయన కొలుస్తున్నది విద్యుత్ ప్రవాహానికి కలిగే ఆటంకాన్ని. దారి మూసుకుని ప్రవాహం సాగుతుంటే ఆటంకం సున్నా, దారి తెగితే ఆటంకం ఉన్నట్టు. ఈనాటి పద్ధతికి అది సరిగ్గా వ్యతిరేకం. అంటే సున్నాకు, ఒకటికి స్విచ్చు విషయంలో పుట్టుకతో వచ్చిన అర్థమేదీ లేదు. ఏదో ఒకటి అనుకుని, అందరూ దానికే కట్టుబడడం వల్లనే అర్థం నిలబడింది.

ఇక ఎక్కువమంది పవర్ గుర్తు అనుకునేది ఈ రెండూ కాదు. వలయం పైభాగంలో కొంచెం తెగి, ఆ తెగిన చోట గీత నిలబడి ఉండే గుర్తు. దాని సంఖ్య 5009. ఐఈసీ నిర్వచనం ప్రకారం అది 'స్టాండ్‌బై', అంటే పరికరంలో కొంత భాగం మెలకువగానే ఉన్న స్థితి. దీనికి చాలా దగ్గరగా కనిపించే 5010లో వలయం ఎక్కడా తెగదు, గీత మొత్తం లోపలే ఉంటుంది. ఒకే బటన్‌ను ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అయ్యే చోట ఆ గుర్తు వేస్తారు. ఒకదానిలో గీత వలయాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది, ఇంకొకదానిలో రాదు, అంతే తేడా. కానీ ఆ చిన్న తేడాలో మెయిన్స్ విద్యుత్తు పరికరం లోపల ఉందా లేదా అన్న పెద్ద సంగతి దాగి ఉంది.

దీని గురించి ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణముంది. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఒక యువకుడు ఒకసారి చీలిన వలయం గుర్తున్న బటన్ నొక్కి, దీపం ఆరిపోయింది కాబట్టి కరెంటు పోయిందనుకుని పవర్ సప్లై మూత తెరిచాడు. లోపల మెయిన్స్ అలాగే ఉంది. స్క్రూడ్రైవర్ మొన కాలిపోయింది, అతనికి ఏమీ కాలేదు. ఆ రోజు తర్వాత మా పట్టికల్లో స్టాండ్‌బై గుర్తును మొదటి వరుసకు తెచ్చి, 'ఈ బటన్ పరికరాన్ని మెయిన్స్ నుంచి విడదీయదు, ప్లగ్గు తీయాలి' అనే వాక్యాన్ని దాని పక్కనే పెట్టాము.

దురదృష్టం ఏమిటంటే, సామాన్యులు ఈ గుర్తును స్టాండ్‌బై అని ఎన్నడూ అనుకోలేదు, పవర్ అనే అనుకున్నారు. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ నుంచి 2004లో వచ్చిన 1621 ప్రమాణం ఆ వాడుకకే ఓటు వేసింది. చీలిన వలయం అంటే పవర్, నిద్రావస్థకు నెలవంక, పరికరం నడుస్తుంటే ఆకుపచ్చ దీపం, నిద్రలో ఉంటే నారింజ రంగు దీపం అని అది సూచించింది. భాషలో వాడుకే వ్యాకరణాన్ని మార్చినట్టు, ఇక్కడ వాడుక ప్రమాణాన్ని మార్చింది. పవర్ గుర్తులు 2016లో, కంప్యూటర్లు వాడే అక్షరాల ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్ 9.0లో చేరి, అక్షరాల మాదిరిగా టైపు చేసుకోవడానికి వీలయ్యాయి.

పవర్ సంగతి వచ్చింది కాబట్టి, పరికరం వెనక అతికించిన లేబుల్‌ను కూడా ఒకసారి చదవమని కోరుతాను, ఎందుకంటే ముందు భాగంలోని గుర్తుల కన్నా అక్కడివే ఎక్కువ అక్కర కలవి. ఒక చతురస్రంలో ఇంకో చతురస్రం ఉంటే ఆ పరికరానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ తీగ లేకుండానే సురక్షితంగా ఉండేలా తయారు చేశారని అర్థం. అందుకే అలాంటి ఛార్జర్ ప్లగ్గుకు ఎర్త్ పిన్ను లేకపోయినా, ఉన్నా దానికి ఏ తీగా కలపకపోయినా లోపం కాదు. చక్రాల చెత్తబుట్టను కొట్టేసినట్టున్న బొమ్మ యూరప్ చట్టం నుంచి వచ్చింది: ఆ వస్తువును మామూలు చెత్తలో పారేయకూడదు. బుట్ట కింద ఒక నల్లటి పట్టీ కూడా ఉంటే, ఆ వస్తువు 2005 ఆగస్టు 13 తర్వాత అక్కడి మార్కెట్లోకి వచ్చిందని చెప్పడానికి. ఒక తేదీని ఒక్క గీతతో చెప్పిన ఇలాంటి గుర్తు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

రెండో సందేహం బ్లూటూత్. రాజు కథ నిజమే, అయితే దానికి అతికించిన చిలవలు పలవలు అన్నీ నిజం కావు. 10వ శతాబ్దంలో డెన్మార్క్‌ను పాలించిన హరాల్డ్ అనే రాజుకు బ్లోటాండ్ అనే మారుపేరు ఉంది. దానికి మాటకు మాటగా అర్థం నీలిదంతం. యెల్లింగ్ అనే ఊరిలో ఆయన నిలిపిన పెద్ద రాతి మీద, తల్లిదండ్రులు గోర్మ్, తూరాల జ్ఞాపకార్థం దాన్ని నిలిపినట్టు, డెన్మార్క్ మొత్తాన్నీ నార్వేనీ గెలుచుకున్నట్టు, డేన్‌లను క్రైస్తవులను చేసినట్టు రూనిక్ లిపిలో, అంటే ఉత్తర ఐరోపాలో అప్పుడు వాడిన రూన్ అక్షరాల్లో చెక్కి ఉంది. మారుపేరు మాత్రం ఆ రాతి మీద లేదు; అది మొదట కనిపించేది సుమారు 1140 నాటి ఒక చరిత్ర గ్రంథంలో, అంటే ఆయన పోయిన 150 ఏళ్ల తర్వాత. ఆనాటి ఉత్తర ఐరోపా భాషలో నీలం అనే మాట నలుపునకూ చెల్లేది కాబట్టి, రాజుకు నల్లబడిన పన్ను ఒకటి ఉండేదన్న ఊహ సమంజసంగానే ఉంటుంది. నేరేడు వంటి పళ్లు తెగ తిని పళ్లు నీలంగా చేసుకున్నాడన్న కథకు మాత్రం ఏ ఆధారమూ లేదు, దయచేసి దాన్ని ఇంకొకరికి చెప్పకండి.

ఆ రాజు పేరు రేడియో తరంగాలతో పరికరాలను కలిపే పద్ధతికి ఎలా వచ్చింది? ఇంటెల్ సంస్థలో పనిచేసే జిమ్ కార్డాక్, ఎరిక్‌సన్ సంస్థకు చెందిన స్వెన్ మాటిసన్‌తో మాటల సందర్భంలో వైకింగుల చరిత్ర గురించి విని, ఆసక్తితో చదివి, 1997లో ఈ పేరును తాత్కాలిక సంకేత నామంగా సూచించాడు. చీలిపోయిన తెగలను హరాల్డ్ కలిపినట్టు, కంప్యూటర్ల పరిశ్రమనూ ఫోన్ల పరిశ్రమనూ ఈ పద్ధతి కలుపుతుందన్నది ఆయన ఆలోచన. అసలు పేరుగా 'రేడియోవైర్', 'ప్యాన్' అనే రెండింటిని అనుకున్నారు. 'ప్యాన్' అనే మాట అప్పటికే లెక్కలేనన్ని చోట్ల వాడుకలో ఉండడం వల్ల, 'రేడియోవైర్' ట్రేడ్‌మార్క్ పరిశీలన సమయానికి పూర్తి కాకపోవడం వల్ల, 1998లో ఎరిక్‌సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి బయటికి ప్రకటించే వేళకు చేతిలో మిగిలింది సంకేత నామమే. గుర్తు కూడా ఆ రాజుదే. హరాల్డ్ పేరులోని మొదటి ధ్వనికి 'హగల్' అనే రూన్, బ్లోటాండ్‌లోని మొదటి ధ్వనికి 'బ్యార్కన్' అనే రూన్, ఈ రెంటికీ ఉమ్మడిగా ఒకే నిలువు గీత. మనకు వత్తులు, గుణింతాలు కలిసి ఒకే అక్షరంగా కనబడటం అలవాటే కాబట్టి, రెండు రూనులను ఒక గీతకు గుచ్చిన ఈ పద్ధతి వింతగా తోచదు. నిలువు గీతకు అడ్డంగా గుణకార చిహ్నం పెట్టినట్టుండేది హగల్. రోమన్ లిపిలోని బీ అక్షరం కోణాలుగా మారినట్టుండేది బ్యార్కన్. ఈసారి ఆ గుర్తును చూసినప్పుడు ఎడమవైపు పొడుచుకు వచ్చిన రెండు చిన్న కొసలను గమనించండి. అవి హగల్‌వి.

యూఎస్‌బీ గుర్తును త్రిశూలం అంటారు. కింద ఒక పెద్ద చుక్క, అక్కడి నుంచి మూడు కొమ్మలు; నడిమి కొమ్మ చివర బాణపు మొన, పక్క కొమ్మల చివర ఒకవైపు చిన్న వలయం, ఇంకొకవైపు చతురస్రం. రకరకాల పరికరాలు ఒకే మూలానికి వచ్చి కలుస్తాయన్నది ఆ ఆకారాల భావం. 1996లో ఈ పద్ధతి వచ్చేనాటికి మౌస్‌కు, కీబోర్డుకు, ప్రింటర్‌కు వేర్వేరు ఆకారాల కనెక్టర్లు ఉండేవని గుర్తుంచుకుంటే, ఆ భావం ఎంత సూటిగా ఉందో తెలుస్తుంది. సముద్రదేవత చేతి శూలం నుంచి తీసుకున్నారన్న మాటను నేను ఏ పుస్తకంలోనూ రాయలేదు, మీకూ సిఫారసు చేయను. రాయదగిన విషయం ఇంకొకటి ఉంది: పాత దీర్ఘచతురస్రపు ప్లగ్గులో ఆ గుర్తు పైముఖాన ఉండాలని ప్రమాణమే చెబుతుంది. గుర్తు మీ వైపు కనిపించేలా పట్టుకుంటే సరిగ్గా దూరుతుందన్నమాట. ఎటు తిప్పినా దూరని ఆ ప్లగ్గుతో అవస్థపడిన కోట్లమందిలో ఎంతో కొద్దిమందికే ఈ సంగతి తెలుసు. 2014లో వచ్చిన సీ రకం ప్లగ్గు రెండు వైపులా దూరుతుంది కాబట్టి దానికి ఈ అవసరం తీరిపోయింది.

వై-ఫై గురించి ఒక్క మాట చాలు. అది 'వైర్‌లెస్ ఫిడెలిటీ'కి పొట్టి రూపం కాదు. ప్రమాణపు సాంకేతిక నామం పలకడానికి కష్టంగా ఉందని ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే సంస్థ చేత చేయించిన కల్పిత పదం అది. ఆ విస్తరణను తర్వాత ప్రచార వాక్యంలో వాడి కొంతకాలానికి వదిలేశారు.

వర్తకుల చేతిరాత నుంచి వచ్చిన @ చరిత్ర వీటన్నిటికన్నా పాతది. 1536 మే 4న ఫ్రాంచెస్కో లాపి అనే ఫ్లోరెన్స్ వర్తకుడు సెవిల్ నుంచి రోముకు రాసిన ఉత్తరంలో, వైన్ కొలతగా వాడే 'ఆంఫోరా' అనే పెద్ద జాడీని సూచించడానికి ఇది కనిపిస్తుంది. ఇటలీ చరిత్రకారుడు జోర్జో స్టాబిలే ఆ ఉత్తరాన్ని 2000లో వెలుగులోకి తెచ్చాడు. స్పెయిన్‌లో అదే గుర్తు 'అరోబా' అనే తూకానికి చెల్లింది. నాలుగో వంతు అని అర్థమిచ్చే అరబ్బీ మాట నుంచి వచ్చిన ఆ తూకం సుమారు 11.5 కిలోలు. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో నేటికీ ఈ గుర్తు పేరు అరోబానే. ఆంగ్ల వర్తకుల లెక్కల్లో అది 'ఒక్కొక్కటి ఇంత ధర చొప్పున' అనే అర్థానికి మారింది. మనం ఈమెయిల్ చిరునామా చెప్పేటప్పుడు 'ఎట్ ద రేట్' అంటున్నామంటే, ఆ వర్తకుల మాటనే పలుకుతున్నాము.

1971లో బీబీఎన్ సంస్థలో పనిచేస్తున్న రే టాంలిన్సన్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి సందేశం పంపే ప్రోగ్రామ్ రాశాడు. ఆ రెండు యంత్రాలూ ఒకే గదిలో పక్కపక్కనే ఉన్నా, కలిపింది మాత్రం ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్. మనిషి పేరునూ యంత్రం పేరునూ విడదీయడానికి ఆయనకు ఏ పేరులోనూ రాని గుర్తు ఒకటి కావలసి వచ్చింది. ఆయన వాడుతున్న టెలిటైప్ కీబోర్డు మీద @ ఉంది, ఎవరి పేరులోనూ అది రాదు, పైగా దాని అర్థం 'ఫలానా చోట'. తెలుగులో చెప్పాలంటే కీల మధ్య సిద్ధంగా ఉన్న విభక్తి ప్రత్యయం అది. ఈ ఎంపిక అందరికీ హాయిగా ఏమీ లేదు: మల్టిక్స్ అనే వ్యవస్థలో @ కొట్టగానే అప్పటిదాకా టైపు చేసిన వరుసంతా రద్దయిపోయేది, అంటే అక్కడివారికి ఈమెయిల్ చిరునామా రాయడమే ఒక సమస్య. ఈ గుర్తు ఆకారాన్ని ఒక్కో భాష ఒక్కో విధంగా చూసింది. ఇటాలియన్‌లో అది నత్త, రష్యన్‌లో కుక్క, డచ్‌లో కోతితోక, డేనిష్‌లో తొండమున్న అక్షరం. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం 2010లో దీన్ని తన సేకరణలో చేర్చుకుంది.

హ్యాష్ గుర్తు కూడా తూకం నుంచి వచ్చిందే. పౌండు తూకానికి లాటిన్‌లో 'లిబ్రా పోండో' అనేవారు. లిబ్రా మాటను రెండక్షరాలుగా కుదించి, అది సంక్షేపమని తెలపడానికి పైన ఒక అడ్డగీత పెట్టేవారు. తొందర చేతిరాతలో ఆ అక్షరాలు నిలువు గీతలుగా అరిగిపోయి # మిగిలింది. 1968లో బెల్ సంస్థ ఫోన్ బటన్ల మీద నక్షత్రంతో పాటు దీన్ని చేర్చింది. 2007 ఆగస్టు 23న క్రిస్ మెసీనా ట్విట్టర్‌లో ఒకే అంశపు సందేశాలను గుంపుగా చేర్చడానికి దీన్ని సూచించడంతో హ్యాష్‌ట్యాగ్ పుట్టింది.

తెర మీది బొమ్మల విషయానికి వస్తే, నాకు ఎంతో గౌరవం ఉన్న పేరు సుసాన్ కేర్. 1984 జనవరిలో విడుదలైన మెకింతోష్ కంప్యూటర్ కోసం ఆమె 32 అడ్డు గళ్లు, 32 నిలువు గళ్ల కాగితం మీద, ఒక్కో గడిని నలుపు చేయాలా తెలుపుగా వదలాలా అని నిర్ణయిస్తూ బొమ్మలు గీసింది. మెనూల్లో ఆదేశాల పక్కన మొదట యాపిల్ గుర్తే ఉండేది. తెర మీద యాపిల్ గుర్తులు మరీ ఎక్కువయ్యాయని స్టీవ్ జాబ్స్ అభ్యంతరం చెప్పినందున ఆమె గుర్తుల నిఘంటువు ఒకటి తిరగేసి, నాలుగు మూలలా ఉచ్చులున్న చతురస్రాన్ని ఎంచుకుంది. స్వీడన్‌లో అది 'ఇక్కడ చూడదగిన ప్రదేశం ఉంది' అని చెప్పే రహదారి గుర్తు. అది ఒక కోట బురుజులను పైనుంచి చూసినట్టుందని ఆమెకు తర్వాత తెలిసింది, కానీ ఆ ఆకారం దానికన్నా ఎంతో పాతది: స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో, 1,400 ఏళ్లకు పైబడిన ఒక చిత్రశిల మీద అదే ముడి కనిపిస్తుంది. మెనూకు వాడే మూడు అడ్డగీతలు 1981లో వచ్చిన జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసినవి. తెరుచుకోబోయే జాబితా ఎలా ఉంటుందో చూపడమే వాటి పని.

ఆడియో, వీడియోలను మొదలుపెట్టే త్రిభుజం టేపు యంత్రాల నాటిది; టేపు ఎటు కదులుతుందో అటు మొన. రెండు వైపులకూ తిరగగల క్యాసెట్ డెక్కుల మీద ఎదురెదురు దిశల్లో రెండు త్రిభుజాలు ఉండటమే దీనికి తిరుగులేని రుజువు. ఇప్పుడు టేపు లేదు, కదిలేది ఏదీ లేదు, అయినా ఆ త్రిభుజాన్ని చూసి ఎవరూ తికమకపడరు. మీ మూడో సందేహానికి జవాబు ఇక్కడే ఉంది.

సోనీ 1981లో తెచ్చిన మూడున్నర అంగుళాల ఫ్లాపీ గట్టి ప్లాస్టిక్ తొడుగు, జారే లోహపు మూత గలది. సేవ్ బొమ్మలో ఉన్నది అదే. దాని ప్రధాన రకంలో పట్టేది 1.44 మెగాబైట్లు మాత్రమే. జపాన్‌లో సోనీ దాని అమ్మకాన్ని 2011 మార్చిలో ఆపేసింది. వస్తువు పోయినా బొమ్మ ఎందుకు పోలేదంటే, వాడేవారు దాన్ని వస్తువు చిత్రంగా చూడటం ఎప్పుడో మానేశారు. అక్షరాన్ని చదివినట్టు ఆ ఆకారాన్ని చదువుతున్నారు. అ అనే అక్షరం దేని బొమ్మ అని ఎవరూ అడగరు కదా. దాని స్థానంలో కింది వైపు బాణం పెట్టి చూసిన చోట డౌన్‌లోడ్‌తో గందరగోళం వచ్చింది, మేఘం బొమ్మ పెడితే ఫైలు తమ కంప్యూటర్లో ఉందా, దూరపు సర్వర్లో ఉందా అన్న కొత్త అనుమానం పుట్టింది. అందుకే ఎవరు అడిగినా నేను ఫ్లాపీ బొమ్మనే ఉంచమన్నాను, మీకూ అదే చెబుతాను. టైపు చేస్తుండగానే తమంతట తాము ఫైలును దాచుకునే ప్రోగ్రాములు పెరుగుతున్నాయి. వాటిలో ఆ బొమ్మ మారలేదు, బటనే లేకుండా పోయింది.